ఫైనల్ రోజు కబుర్లు

కోర్టు హాల్లో ఒక స్పీకరు నవ్వుతోంది.

"ఏం గెలుపు చెల్లెమ్మా, ఏం గెలుపు! ఇప్పుడే, ఈ క్షణమే, కప్పు మనదైంది! నా గుండె ఇంకా దడదడలాడుతూనే ఉంది!"

"కాసిన్ని నీళ్లు తాగు మామా. నువ్వు పోతే రేపు కబుర్లెవరు చెబుతారు?"

తర్వాత ఒక కొత్త పాటకు అక్షింతలు పడ్డాయి. ఆ తర్వాత మడత పెట్టే ఫోను వంతు వచ్చింది.

"మడత పెట్టుకోవడానికి ఇంట్లో ఉతికిన బట్టలు చాలవా చెల్లెమ్మా?"

బోనులో నిలబడిన డ్రైవరు తలెత్తలేదు. వెనక బెంచీలో అతని తల్లి రెండు చేతులూ ఒళ్లో బిగించి కూర్చుంది.

ఆ కబుర్లు ఊరంతా విన్నవే. సాయంత్రమైతే చాలు, రేడియోలో మైకు మామ, చెల్లెమ్మ కలిసి ఆటలనీ పాటలనీ సినిమాలనీ ఏకిపారేస్తారు. వంటిళ్లలో, బస్సుల్లో, క్షవరం షాపుల్లో జనం చెవులప్పగించి వింటారు.

ఫైనల్ ముగిసిన ఆ సాయంత్రం, డ్యూటీ దిగి సైకిలు మీద ఇంటికి పోతున్న ఒక నర్సును మైకు మామ కారు గుద్ది చంపింది. ఆగకుండా వెళ్లిపోయింది. పోలీసులు డ్రైవరును పట్టుకున్నారు. ఆ రోజు తనకు సెలవిచ్చారనీ, తాళాలు యజమాని దగ్గరే ఉన్నాయనీ అతను మొత్తుకున్నాడు. కొడుకు ఇంట్లో తన దగ్గరే ఉన్నాడని తల్లి చెప్పింది. కన్నతల్లి అలా కాక ఇంకెలా చెబుతుందన్నారు.

సర్కారు వకీలు స్పీకరు ఆపించాడు.

"అయ్యా, మ్యాచ్ ముగిసిన వేళకే నర్సు చనిపోయింది. అదే వేళకు మామగారు రేడియోలో సంబరం చేసుకుంటున్నారు. ఆ మాటలు ముందే రికార్డు చేసి పెట్టారేమో అంటాడీ ముద్దాయి. ఆఖరి బంతి దాకా తేలని మ్యాచ్ అది! గెలుస్తామని ముందే తెలియడానికి ఆయన రేడియో మనిషా, జ్యోతిష్కుడా?"

హాలంతా నవ్వింది. ముందు వరుసలో మైకు మామ వినయంగా తల వంచాడు.

తల్లి లేచి నిలబడింది.

"అయ్యగారూ, ఒక్క మాట. రోజూ ఎవరెన్ని పరుగులు తీశారో పొల్లుపోకుండా అప్పజెప్పే మనిషి. ఆ రోజు ఒక్క ఆటగాడి పేరైనా ఎత్తలేదు. ఎందుకని?"

"ఆనందమమ్మా," అన్నాడు వకీలు. "ఆ ఆనందంలో సొంత పేరు గుర్తుంటే గొప్ప."

మళ్లీ నవ్వులు. తీర్పు భోజనాల తర్వాత అని చెప్పి జడ్జి లేచాడు.

వరండాలో కుళాయి దగ్గర ఒక అమ్మాయి సీసాలో నీళ్లు పట్టుకుంటోంది.

"కాస్త జరగండి పెద్దమ్మా."

ఆ గొంతును తల్లి వెంటనే పోల్చుకుంది.

"చెల్లెమ్మవు నువ్వేనా? నీ మాటలు వింటూనే మేం అన్నం తినేవాళ్లం తల్లీ, నేనూ నా కొడుకూ."

అమ్మాయి సీసా మూత బిగించింది. "ఆ రోజు కూడా విన్నారా?"

"వినకేం? కప్పు మనదని నువ్వూ మీ మామా అరవగానే వాడు మంచమెక్కి గంతులేశాడు. కోడు విరిగింది. గాడిదలా పెరిగావు, బుద్ధి మాత్రం రాలేదని తిట్టాను. వాణ్ని నేను తిట్టిన ఆఖరి తిట్టు అదే. వాడు ఇంట్లోనే ఉన్నాడని ఆ మంచానికి తెలుసు, నాకు తెలుసు. మేమిద్దరం సాక్షులుగా పనికిరామట."

"ఊరంతా విన్నదే కదా పెద్దమ్మా. కొత్తగా నేను చెప్పేదేముంది?"

"ఊరు విన్నది. నువ్వు చూశావు."

అమ్మాయి తప్పుకొని వెళ్లబోయింది. తల్లి ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఆ నర్సుకూ ఒక అమ్మ ఉంది. పగలూ రాత్రీ నా కొడుకును శపిస్తోందట. ఆ తల్లి శాపం కూడా ఇల్లు తప్పి నా గుమ్మంలోకి వస్తోంది. నీ కాళ్లు పట్టుకోమంటావా, పట్టుకుంటాను."

"చెల్లెమ్మా!" వరండా చివర నుంచి మైకు మామ పిలిచాడు. మొహం నిండా నవ్వు. "అక్కడేం కబుర్లు? సాయంత్రం ప్రోగ్రాం ఉంది. వస్తావుగా? రాకపోతే చెప్పు, ఆ కుర్చీకి బోలెడంత మంది ఉన్నారు."

అమ్మాయి చేయి విడిపించుకుని వెళ్లిపోయింది. సీసా కుళాయి గట్టు మీదే ఉండిపోయింది.

మధ్యాహ్నం జడ్జి కాగితాలు సర్దుకున్నాడు. "అమ్మా" అన్నాడు డ్రైవరు, చిన్నపిల్లాడిలా. తల్లి కళ్లు మూసుకుంది.

"అయ్యా!"

లేచి నిలబడింది చెల్లెమ్మ. గొంతు పీలగా ఉంది. రేడియోలో ఎన్నడూ అలా లేదు.

"నన్నెవరూ సాక్ష్యానికి పిలవలేదు. కానీ ఆ సాయంత్రం స్టూడియోలో ఉన్నది నేను. ఆ రోజు మా ఇద్దరి మాటల్లో ఈ కోర్టు విన్నది సగమే. మిగతాది నా ఫోనులో ఉంది."

"అది ఆఫీసు సొత్తు!" మైకు మామ ఎగిరి లేచాడు. "పిచ్చిపిల్ల, ఏదో భయపడి..."

"కూర్చోండి," అన్నాడు జడ్జి. "వినిపించమ్మా."

అమ్మాయి తన ఫోనును స్పీకరుకు కలిపింది. స్పీకరు గరగరలాడింది.

"అంతా పోయింది చెల్లెమ్మా, ఇప్పుడే, ఈ క్షణమే, కప్పు చేజారిపోయింది," అంటూ, మనవాళ్లు గెలిచిన ఆ ఫైనల్లో మనవాళ్లు ఓడిపోయినందుకు, మైకు మామ వెక్కి వెక్కి ఏడ్చాడు.