గుండెకు పోర్చుగల్ సంబంధం

ఇప్పుడు మా వైపు జాతకాలు ఎవరూ చూడరు, రోగం చూస్తారు. కిడ్నీలకు కొరియా సంబంధం, పళ్ళకు హంగరీ సంబంధం. ఏ దేశంలో ఏ వైద్యం ఉచితమో, ఆ దేశంలో పనిచేసే మొగుడు కావాలి. నేను పోర్చుగల్‌లో స్ట్రాబెర్రీ తోట కూలీని. ఇక్కడ గుండె ఉచితం.

సంబంధాలు కుదిర్చే ఓదెలు ఫోన్ చేశాడు.

"బావా, పెద్దపల్లి పిల్ల, సుగుణ. గుండె ఆపరేషన్ కావాలె. ఇక్కడ చేపిస్తే ఇల్లు అమ్మాలె. చవక దేశాలల్ల వంతు వచ్చేసరికి మనిషే ఉండదు. నువ్వెట్లాగూ ఒంటిగనే ఉన్నవు."

నా భార్య రాజవ్వ కూడా గుండెతోనే పోయింది. అప్పట్లో వైద్యం కూలీకే ఉచితం, కూలీ భార్యకు కాదు. ఆమె పోయాక చట్టం మార్చి, సంస్కరణ అన్నారు.

ఒప్పుకున్నాను. కాగితాల మీద పెళ్ళయింది. దొంగ పెళ్ళి అని తేలితే సుగుణకు ఆపరేషన్ లేదు. అది తేల్చడానికి వీసా అధికారిణి వీడియో కాల్‌లో నన్ను పరీక్షించింది. సుగుణ పెద్దపల్లి నుంచి అదే కాల్‌లో వింటోంది.

"మీ భార్యకు ఏ కూర ఇష్టం?"

"చింతచిగురు పప్పు."

"కోపమొస్తే?"

"మాట్లాడది. గిన్నెలు మాట్లాడుతయి."

"ఎలా నిద్రపోతుంది?"

"కూసోనే. పండుకుంటే ఊపిరాడది."

ఇంత అన్యోన్యమైన జంటను చూడలేదంటూ అధికారిణి అనుమతి ఇచ్చి వెళ్ళిపోయింది.

సుగుణ తెరకు దగ్గరగా జరిగింది.

"అవన్నీ రాజవ్వక్క సంగతులే గదా?"

"అవును."

"మరి నేనొచ్చినంక ఏం జెయ్యాలె?"

"బతుకు. ఇంకేం జెయ్యకు."