స్థిరంగా ఉన్నాయి

“సంతకం పెట్టమ్మా హెలెన్. ‘కణాలు స్థిరంగా ఉన్నాయి’ అని ఒక్క మాట. అంతే.”

మేనేజర్ ప్రతాప్ కాగితం ముందుకు తోశాడు. కుప్పం శివార్లలోని ఆ మందుల కంపెనీలో కణాలు పెంచే పని హెలెన్‌ది. ఎలుకజాతి కణాల్లో మనిషి జీన్ పెట్టి, వాటిచేత కీళ్ళవాతానికి మందు తయారు చేయిస్తారు.

“ఎట్లా పెట్టేది సార్? తరం మారేకొద్దీ కణాలు ఆ జీన్‌ను మూసేసుకుంటాండాయి. మందు సగానికి పడిపోయింది. ఆ వచ్చేదైనా సరైన మందేనా అని నాకు భయంగా ఉండాది.”

“అయితే ఆపేద్దాం. మదనపల్లె ఆసుపత్రిలో ఈ కొత్త మందు పరీక్షకని ఇస్తాండే సూదులూ నిలిచిపోతాయి. మీయమ్మకు గూడా.”

పుంగనూరులో హెలెన్ తల్లి పుష్పమ్మ, కీళ్ళవాతంతో, ఒకరు లేపితే తప్ప మంచం దిగేది కాదు. సూదులు మొదలయ్యాక తన జడ తానే వేసుకుంటోంది. మొన్న ఆదివారం చర్చికి నడిచి వెళ్ళొచ్చి, ఫోన్‌లో చిన్నపిల్లలా ఏడ్చింది.

నిజం రాస్తే అమ్మ మళ్ళీ మంచానికి. అబద్ధం రాస్తే ఆ మందే అమ్మ ఒంట్లోకి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ప్రతాప్ తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. హెలెన్ కళ్ళు మూసుకుని సంతకం గీకేసింది.

మందు మదనపల్లె చేరింది. అప్పట్నుంచి ఇంటి నుంచి ఫోన్ మోగితే చాలు, ఆమె చేతిలో పని వదిలేసి పరిగెత్తేది. చివరికి మదనపల్లె ఆసుపత్రి డాక్టర్ శాలేము రాజే ఫోన్ చేశాడు.

“పుష్పమ్మకు జ్వరం తీవ్రంగా ఉండాది. తొందరగా రా అమ్మా.”

బస్సు పుంగనూరులో చర్చి దాటుతుంటే హెలెన్ తల తిప్పుకుంది. ఆసుపత్రిలో అమ్మ పిలిస్తే పలకలేదు. హెలెన్ డాక్టర్ కాళ్ళ మీద పడిపోయింది.

“ఆ సూది వల్లే సార్! మందు బాగలేదని తెలిసి తెలిసి సంతకం పెట్టినా. అమ్మను నా చేతుల్తో నేనే సంపుకుంటాండా!”

శాలేము రాజు ఆమెను లేపి బల్ల మీద కూర్చోబెట్టాడు.

“ఇది డెంగీ. తగ్గిపోతాది. ఈ మందు పరీక్షలో సగం మందికే మందు, తక్కినోళ్ళకు ఉత్తుత్తి సూది; ఎవురికేదనేది మాకూ సెప్పరు. జ్వరం ముదిరిందని పరీక్ష జరిపేవోళ్ళను గట్టిగా అడిగితే ఈపొద్దు సెప్పినారు. మీయమ్మకు మొదట్నుంచీ ఎక్కింది ఉత్త ఉప్పునీళ్ళేనమ్మా.”