సందు మొదట్లో స్కూటర్

మా పాత స్కూటర్‌ని తుక్కు కింద అమ్మేశాక, దాని చప్పుడు వినపడటం లేదని నేను చెప్పుకుని వాపోని మనిషి గుణదలలో లేడు. సందు మొదట్లో ఆ చప్పుడు వినగానే మా ఆవిడ సుబ్బరత్నం పొయ్యి మీద కాఫీ పెట్టేది. ముప్ఫై ఏళ్లు భేరీ మోగించుకుంటూ ఇంటికొచ్చిన మహారాజునన్నమాట.

కొత్త బ్యాటరీ బండికి నోరే లేదు. మొదటి రోజు గేటు దాకా వచ్చినా ఎవరూ పలకలేదు. నాకు చిన్నతనంగా అనిపించింది.

అప్పుడు వంటింట్లోంచి పాట వినిపించింది. రేడియో అనుకుని కిటికీలోంచి చూశాను. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ పాడుతున్నది సుబ్బరత్నమే!

నన్ను చూసి టక్కున ఆపేసింది. "హారన్ కొట్టొచ్చు కదండీ!"

"నువ్వు పాడతావని ఎప్పుడూ చెప్పలేదేం?"

"పెళ్లైన కొత్తలో 'ఏంటా గోల' అన్నారుగా. అప్పట్నుంచి మీ స్కూటర్ చప్పుడు వినగానే ఆపేసేదాన్ని."

మర్నాటి నుంచి, ఏ చప్పుడూ చెయ్యని ఆ బండిని కూడా సందు మొదట్లోనే ఆపి, చెప్పులు చేత్తో పట్టుకుని ఇంటికి నడిచొస్తున్నాను.