పిలవని చుట్టాలు

“ముందు మౌసు మీంచి చెయ్యి తియ్యండమ్మా,” అన్నాడు మెకానిక్. “ఇంకో నొక్కు నొక్కారంటే ఇంకో చుట్టం దిగుతుంది.”

ఆమె చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. తెరమీద ఎర్రటి పెట్టె వెలిగి ఆరుతోంది. ‘మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది’ అంటోంది. దాన్ని మూస్తే చెప్పుల ప్రకటన, అదీ మూస్తే మళ్లీ ఎర్ర పెట్టె. పొద్దుటి నుంచీ ఇదే వరస.

“మూడింటికల్లా బాగవుతుందా?”

“మూడింటికేముంది?”

“ఇంటర్వ్యూ. వీడియోలో.” ఇంట్లో మూడో మనిషి లేకపోయినా ఆమె గొంతు తగ్గించింది. “మా వారికి తెలీదు. ఉద్యోగం వచ్చాక చెబుదామని.”

మెకానిక్ గోడ గడియారం వైపు చూశాడు. రెండుంబావు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“అసలేం దించుకున్నారు?”

“రెజ్యూమేని పీడీఎఫ్ చేసి పంపమన్నారు. దానికో సాఫ్ట్‌వేర్. ఫ్రీ అని ఉంటేనూ...”

“ఆ పేజీలో ‘డౌన్‌లోడ్’ అని పచ్చ బటన్లు ఎన్నున్నాయి?”

“నాలుగైదు. అన్నిట్లోకీ పెద్దది నొక్కాను.”

“అందరూ దాన్నే నొక్కుతారు. అసలుది అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. ఆ తర్వాత గడుల్లో వాళ్లే టిక్కులు పెట్టి ఉంచుతారు. మీరేమో నెక్స్ట్, నెక్స్ట్, నెక్స్ట్.”

“పక్కనుండి చూసినట్టే చెబుతున్నారే.”

“మా ఇంటావిడా అంతే. మీరు ఒక్కణ్ణి భోజనానికి పిలిస్తే, వాడు బావమరుదుల్నీ, వాళ్ల పిల్లల్నీ వెంటేసుకుని దిగాడు. అదీ సంగతి.”

ఆమెకు నవ్వు రాలేదు. ఇది మూడో ఇంటర్వ్యూ. మొదటిసారి, సరిగ్గా ఆ పొద్దునే ఆయన పాత నెట్ కనెక్షన్ తీయించేశాడు. కొత్తది రెండ్రోజులకి గానీ రాలేదు. రెండోసారి తలనొప్పంటూ ఆఫీసు నుంచి ఆ వేళకే వచ్చేశాడు. పాపం, ఆయన నుదుటికి మందు రాస్తూ కూర్చుంది. ఆమె రాతే అంత.

ఇప్పుడు ఈ గోలంతా ఆయన కంటపడితే ఏం దించావు, ఎందుకు దించావు అని అడుగుతాడు. ఆయన దగ్గర అబద్ధం నిలవదు. మొన్నామధ్య ఇదే తెరమీద ఓ నీలం హ్యాండ్‌బ్యాగు చూసి, ధర చూసి మూసేసింది. ఎవరితోనూ అనలేదు. వారం తిరక్కుండా అదే బ్యాగు తెచ్చి ఒళ్లో పెట్టాడు.

“నీ మనసులో మాట నాకు తెలీదా పిచ్చుకా,” అన్నాడు.

పిచ్చుక. పెళ్లయిన కొత్తలో ఆయన పెట్టిన పేరు. పుట్టింట్లో కూడా ఎవరికీ తెలియదు.

మెకానిక్ ఒక్కొక్కదాన్నే పట్టి బయటికి గెంటుతున్నాడు. ఎర్ర పెట్టె పోయింది. చెప్పులు పోయాయి. ఆమె హమ్మయ్య అనుకునేలోగా అతని వేళ్లు ఆగిపోయాయి.

“ఇది మాత్రం మంచి బాపతు కాదమ్మా. ఇందాకటివి దోమలు, ఇది పాము. మీరు తెరమీద ఏం చూసినా, ఏం రాసినా ఫొటో తీసి పంపిస్తోంది.”

రెజ్యూమే, కంపెనీ వాళ్ల మెయిళ్లు, బ్యాంకు ఖాతా, అన్నీ ఇందులోనే.

“ఎవరికి పంపిస్తోంది?”

“ముక్కూ మొహం తెలీని వాడెవడికో.” తీసేయబోయాడు. తెరమీద ఖాళీ గడి ఒకటి తెరుచుకుంది. “ఇదిగో, పాస్‌వర్డ్ కావాలట. ఫ్రీ సరుక్కి ఈ టెక్కేమిటో.”

జనం మామూలుగా పెట్టుకునేవన్నీ కొట్టి చూశాడు. దేనికీ లొంగలేదు.

“మొత్తం తుడిచేసి మళ్లీ ఎక్కించాలి. కానీ మూడింటికి మాత్రం కాదమ్మా.”

అంతలో ఆమె ఫోను మోగింది. ఆయన. మాట్లాడొద్దని మెకానిక్‌కి సైగ చేసి ఎత్తింది.

“ఏం చేస్తున్నావు?”

“ఏం లేదండీ. బట్టలు మడత పెడుతున్నా.”

“తల పగిలిపోతోంది పిచ్చుకా. బయల్దేరాను. పావుగంటలో ఇంట్లో ఉంటా.”

ఫోను పెట్టేసి ఆమె అలాగే నిలబడిపోయింది.

“ఏమైందమ్మా? అలా అయిపోయారు?”

తెరమీద ఆ ఖాళీ గడిలో గీత కొట్టుకుంటోంది. ఆమె దాన్నే చూసింది. తర్వాత కీబోర్డు తన వైపు లాక్కుని, ఇంగ్లీషు అక్షరాల్లో ‘పిచ్చుక’ అని కొట్టింది.

పాస్‌వర్డ్ సరిపోయింది.