ఎడమవైపుకి చాచే చెయ్యి

పలాస జీడిపిక్కల షెడ్డులో ఇప్పుడు ఆడవాళ్ల చేతుల్ని మోటారు తొడుగులే నడిపిస్తున్నాయి. అందరికంటే చురుగ్గా పిక్కలు ఒలిచే దాలమ్మ చేతుల కదలికల్ని కంపెనీవాళ్లు కొలిచి, వాటినే తొడుగులన్నిటికీ నేర్పారు. ఆ తర్వాత దాలమ్మ పోయింది. ఆమె చేతుల ఒడుపు మాత్రం షెడ్డంతా పనిచేస్తూనే ఉంది.

ఉండుండి ప్రతి తొడుగూ ఎడమ చేతిని పక్కకి చాచి, మణికట్టుతో గాలిలో దేన్నో మెల్లగా పైకి తోస్తుంది. అదేమిటో దాలమ్మ కూతురు నీలవేణికి ఒక్కదానికే తెలుసు. జీడిరసం అంటిన వేళ్లతో ముఖం ముట్టుకుంటే పొక్కుతుంది. అందుకని, పక్కనే కూర్చున్న కూతురి కళ్లలో పడే జుట్టుని దాలమ్మ తన మణికట్టుతో సర్దేది.

"రేపట్నుంచి ఆ కదలిక ఉండదమ్మా. దానివల్ల టైం వేస్టు," అన్నాడు కొలతల ఇంజనీరు.

ఆయన అటు వెళ్లగానే నీలవేణి తన తొడుగులు విప్పేసి, తన పీట లాక్కెళ్లి పక్క వరసలో పిక్కలు ఒలుస్తున్న గున్నమ్మకి ఎడమపక్కన ఆనుకుని కూర్చుంది.

"ఏటే గుంటా, పని మానీసి ఇక్కడ కూకున్నావ్? ఆ బాబు సూస్తే ఊరుకోడు."

"ఒక్క పాలి, పిన్నీ. నీ పని నువ్వు సేసుకో."

నీలవేణి జడలోంచి కాస్త జుట్టు లాగి కళ్లమీదికి వేసుకుంది. కదలకుండా ఎదురుచూసింది.

కాసేపటికి గున్నమ్మ ఎడమ చెయ్యి పిక్కని వదిలి, పక్కకి కదిలింది.