గొంతు పెంచమన్న పెద్దాయన

హాల్లో మైకు ఒక్కసారి కుయ్యిమంది.

"ఆవలిస్తోంది లెండి, భయపడకండి" అన్నాడు గొట్టం, వైర్లు సర్దుతూ.

మైకు సెట్లు అద్దెకిచ్చే ఆ మనిషికి ఊరు పెట్టిన పేరది. తను మొదటిసారి స్పీకరు మోగించిన రోజున పక్క వీధిలో పుట్టుచెవిటి ముసలాయన లేచి కూర్చుని "ఎవడ్రా ఆ గోల" అన్నాడని, ఆనాటి నుంచి ఆయన పెళ్లానికి తిట్టుకునే సుఖం కూడా లేకుండా పోయిందని చెప్పుకుంటాడు.

ఆ పూట మాత్రం కోతలు కోసే ఓపిక లేదు.

పట్టణ సభ వాళ్లు జనం మాట వినడానికి కూర్చున్నారు. రంగుల ఫ్యాక్టరీ తన పన్ను సగానికి తగ్గించమంటోంది. ఖజానా చూస్తే అప్పటికే లోటులో ఉంది. ఇంకాస్త లోటు పడితే ముందు మూసేది ఆస్పత్రిలో రక్తం శుద్ధి చేసే వార్డునేనని ఊరంతా అనుకుంటున్నారు.

గొట్టం ఇంటావిడ ఆ వేళకి ఆ వార్డులోనే, మిషను పక్కనే పడుకుని ఉంది.

నగరంలో పెద్దాస్పత్రి ఉంది. అంత దూరం బస్సులో ఆవిడ తట్టుకోలేదని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు.

పొద్దున దిగబెట్టినప్పుడు ఆవిడ నవ్వింది. "అందరూ మాట్లాడతారు. మైకు చూసుకునేవాడికే మాట్లాడే వీల్లేదు. బాగుంది మన రాత."

"మాట్లాడేవాళ్ల గొంతులన్నీ నా వేళ్ల కిందే ఉంటాయి కదే" అన్నాడు.

ఆవిడ నవ్వు ఆపేసింది.

మొదట ఫ్యాక్టరీ మేనేజరు లేచాడు. పన్ను తగ్గితే ఫ్యాక్టరీ పెరుగుతుందన్నాడు, ఫ్యాక్టరీ పెరిగితే ఉద్యోగాలు, ఉద్యోగాలు పెరిగితే పోయిన పన్ను దొడ్డిదారిన తిరిగి వస్తుందన్నాడు. గొట్టం మైకు పెట్టె మీది గుండీని వెంట్రుకవాసి తిప్పాడు. మేనేజరు గొంతు జలుబు చేసిన కప్పలా వచ్చింది.

తర్వాత కిరాణా కొట్టు ఆవిడ అడిగింది, అది తిరిగి వచ్చేదాకా ఖజానాలో గొయ్యి దేంతో పూడుస్తారని. ఆవిడ గొంతు మాత్రం ఉరిమింది.

అప్పు తెస్తామన్నాడు కోశాధికారి. అప్పిచ్చేవాళ్లు ఖర్చు తగ్గించుకోమంటారు కాబట్టి తగ్గిస్తామన్నాడు. ఏ ఖర్చో చెప్పకుండా మంచినీళ్లు తాగాడు.

సభ్యులు చెరిసగం చీలిపోయి ఉన్నారు. మధ్య కుర్చీలో కూర్చున్న సభ్యురాలు ఒక్కతే ఎటూ తేల్చుకోలేదు. ఆఖరి మనిషి దాకా విని చెయ్యెత్తుతానంది.

ఆఖరి మనిషి లేచాడు.

ఊళ్లో ఎవరూ ఎరగని పెద్దాయన. ఖరీదైన కోటు, మెడకి మెత్తటి గుడ్డ. ఫ్యాక్టరీ కారులోంచి దిగుతుంటే గొట్టం కళ్లారా చూశాడు. పైగా ఆయన లేవగానే మేనేజరు కూడా కుర్చీలోంచి తటాలున లేచాడు.

పెద్ద చేపే, అనుకున్నాడు గొట్టం.

అక్కడ పేర్లు పిలిచే అలవాటు లేదు. ఎవరికి వారే మైకులో పేరు చెప్పుకుని, తామెవరో చెప్పుకుని మొదలెట్టాలి. హాల్లో వినబడని మాట సభ లెక్కలోకి రాదు.

పెద్దాయన మైకు దగ్గరికి వచ్చి గొట్టం వైపు వంగాడు. "బాబూ, నా గొంతుకి ఆపరేషన్ అయింది. కాస్త పెంచు."

"మీరు మాట్లాడండి సార్" అన్నాడు గొట్టం. "నేను చూసుకుంటాను."

చూసుకున్నాడు.

మైకు ఒకసారి కీచుమని, గరగరలాడి, మూగబోయింది. పెద్దాయన పెదాలు కదులుతూనే ఉన్నాయి. వెనక వరసల్లో ఎవరో నవ్వారు. ఆయన మైకు తట్టి చూశాడు. మెడ మీద నరాలు ఉబ్బేలా అరవబోయాడు, దగ్గొచ్చింది. మధ్య కుర్చీ సభ్యురాలు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకు వంగింది.

గొట్టం వైరు చివర ఊదుతూ, పెట్టె మీద చరుస్తూ, నానా హడావుడీ చేశాడు. గుండీని మాత్రం ముట్టుకోలేదు.

మాట్లాడే గడువు అయిపోయిందని గంట మోగింది.

పెద్దాయన గొట్టం కళ్లలోకి ఒక్క క్షణం చూశాడు. తిట్టలేదు. మెల్లిగా మెట్లు దిగాడు.

మేనేజరు జేబురుమాలు తీసి నుదురు తుడుచుకున్నాడు. అతని పెదాల మీద చిరునవ్వుంది.

తన మనిషి గొంతు నొక్కేస్తే వీడికి నవ్వెందుకు? అనుకున్నాడు గొట్టం.

చేతులెత్తమన్నారు. మధ్య కుర్చీ సభ్యురాలు ఖాళీ మైకు వంక కాసేపు చూసి, నిట్టూర్చి, చెయ్యెత్తింది. పన్ను తగ్గింపు ఆ ఒక్క చేత్తో గట్టెక్కింది.

హాలు ఖాళీ అయ్యాక ఆవిడే వచ్చి అడిగింది. "ఆ పెద్దాయన ఏమన్నాడండీ? నాకు ఒక్క ముక్కా వినబడలేదు. మేనేజరు చెప్పిందే మిగిలింది."

"ఫ్యాక్టరీ మనిషి ఇంకేమంటాడమ్మా" అన్నాడు గొట్టం.

వైర్లు అలాగే వదిలేసి బయటికి పరిగెత్తాడు. పెద్దాయన కారులో వెనక సీట్లో తల వాల్చి కళ్లు మూసుకుని ఉన్నాడు. డ్రైవరు అద్దం తుడుస్తున్నాడు.

"గొంతు లేని మనిషిని ఇంత దూరం ఎందుకు తెచ్చావయ్యా?" అని నవ్వబోయాడు గొట్టం.

డ్రైవరు లోపలికి వినబడకుండా గొంతు తగ్గించాడు.

"ఉండేది నగరంలో గానీ, ఆ ఫ్యాక్టరీ పెట్టింది ఆయనే, అన్నా. 'మాకీ తగ్గింపు అక్కర్లేదు, ఆ వార్డు మూయకండి' అంటే భాగస్తులు ఒక్కరూ వినలేదని, డాక్టర్లు నోరు విప్పొద్దన్నా సరే, ఊళ్లోవాళ్లకే చెప్పుకుంటానని వచ్చాడు."