మూడో రకం నీళ్ళు

"సోఫా మీద తడి తువ్వాలు ఎవరు పడేశారు?"

"నేనే అత్తయ్యా. పాప మూతి తుడిచి అలా పెట్టాను. ఒక్క నిమిషం."

"మరక పడటానికి నిమిషం చాలదూ? నీ సొమ్మేం పోయింది!"

కోడలు తువ్వాలు తీసింది. దులిపింది. మడత పెట్టింది.

ఆ సోఫాలో కిటికీ వైపు చివర ఒక గుంత ఉంది. మామగారు బతికున్నన్నాళ్ళూ అక్కడే కూర్చుని పేపరు చదివేవారు. ఆయన పోయాక అందులో ఎవరినీ కూర్చోనివ్వదు అత్తగారు. సాయంత్రాలు పక్కన చేరి, ఆ గుంత మీద చెయ్యేసి ఊరికే కూర్చుంటుంది.

కోడలికీ అలాంటిదొకటి ఉండేది. చనిపోయిన తల్లి కట్టి విడిచిన బట్టలన్నీ కలిపి కుట్టుకున్న బొంత. కిందటేడు ఆమె కాన్పుకి ఆసుపత్రిలో ఉండగా ఇంట్లో కుళాయి పైపు పగిలింది. మంచం కింద పెట్టెలోకి నీళ్ళు వెళ్ళాయి. పాపనెత్తుకుని ఇంటికొచ్చేసరికి పెట్టె ఖాళీ.

"ఆ పాత పేలికల బొంతా? తడిసి ముద్దయింది. దాన్నెవరు ఆరబెడతారని చెత్తబండిలో వేయించాను," అంది అత్తగారు, పాప బుగ్గలు పుణుకుతూ.

ఆ తర్వాతే కోడలు నీళ్ళ గురించి చదివింది. శుభ్రమైన నీళ్ళతో తడిసిన గుడ్డని వెంటనే ఆరబెడితే చాలు, పారేయనక్కర్లేదు. ఆ ఒక్క ముక్క ఆమె గుండెలో ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది.

తువ్వాలు గొడవ జరిగి వారం తిరక్కుండానే, ఓ పొద్దున హాల్లోకొచ్చిన భర్త కాలు పచక్కుమంది. సోఫా కిందంతా నీళ్ళు. సోఫా నిలువునా తడిసింది. గుప్పున ఒకటే కంపు.

"బాత్రూమ్ జాలీలోంచి మురుగు ఎదురు తన్నినట్టుందండీ," అంది కోడలు ముక్కు మూసుకుని.

"నీళ్ళేగా! ఎండ తగిలితే అదే ఆరుతుంది," అంది అత్తగారు.

"ఏ నీళ్ళో చూడాలిగా అత్తయ్యా. కుళాయి నీళ్ళయితే మొదటి రకం, ఆరబెడితే చాలు. బట్టల మిషను వదిలినవైతే రెండో రకం, ఉతికి క్రిములు చచ్చే మందు చల్లుకోవచ్చు. మురుగైతే మూడో రకం. దాన్ని పీల్చుకున్న దూదైనా స్పాంజైనా బయటికే."

"నీళ్ళలో కూడా రకాలా! మా రోజుల్లో తడి, పొడి, అంతే."

భర్త వంగి వాసన చూసి, చూసినంత వేగంగా లేచాడు. "అమ్మా, ఇది మూడో రకమే. సందేహం లేదు."

"పైగుడ్డ మార్పిస్తానురా."

"లోపల స్పాంజి తాగేసింది అత్తయ్యా," అంది కోడలు మెత్తగా. "పాప దాన్ని పట్టుకునే నిలబడుతుంది. ఆ చేతులే నోట్లో పెట్టుకుంటుంది."

అత్తగారు పగలంతా సోఫాకి ఫ్యాను పెట్టింది. సబ్బు రాసింది. అత్తరు చల్లింది. కంపు అత్తరుతో కలిసి ఇంకా దరిద్రంగా తయారైంది. కోడలు కూరగాయలు తరుగుతూ చూస్తూనే ఉంది. ఆ ముసలి వేళ్ళు గుంతని తడుముతుంటే, ఏడాదిగా కడుపులో మండుతున్నదేదో కాస్త చల్లబడింది.

రాత్రి భోజనాల దగ్గర అత్తగారు కంచంలో వేళ్ళు కదిపిందే గాని ముద్ద ఎత్తలేదు. చివరికి గొంతు సవరించుకుంది.

"ఒరేయ్, పొద్దున్నే మనుషుల్ని పిలిచి సోఫా పారేయించు. మీ నాన్న కూర్చున్న చోటే, కాదనను. పసిదాని ఒంటికంటే నాకదెక్కువ కాదు." కళ్ళు తుడుచుకుని కోడలి వైపు తిరిగింది. "చదువుకున్నదానివి, నువ్వు చెప్పబట్టి సరిపోయిందమ్మా. నేనైతే పిల్లని అందులోనే ఆడించేదాన్ని."

"ఇంకాస్త కూర వెయ్యనా అత్తయ్యా?" అంది కోడలు.

అందరూ చేతులు కడుక్కుని వెళ్ళాక ఆమె వంటింటి తలుపు దగ్గరకి వేసి, కుళాయి నీళ్ళలో కలిపి సోఫాకి పట్టించగా మిగిలిన కుళ్ళిన క్యాబేజీ నీళ్ళని సింకులో ఒంపేసింది.